కూర్మమ్మ గారి వేణ్ణీళ్ల గది

మా అమ్మ పేరు కూర్మమ్మ. మలేషియాలో మా ఊరు బంటింగ్‌లో ఏ తెలుగింట్లో నొప్పులు మొదలైనా ఆసుపత్రికన్నా ముందు మా అమ్మకు ఫోను వస్తుంది. ఆసుపత్రిలో డాక్టర్లు బిడ్డను బయటికి తీస్తారు, అంతవరకే వాళ్ల పని. ఆ బిడ్డను మనిషిని చెయ్యడం, ఆ తల్లిని మళ్లీ నిలబెట్టడం మా అమ్మ చేతిలో ఉంది. ఈ మాట నేను అంటున్నది కాదు, ఆవిడే అంటుంది. డాక్టర్ల ముందే అంటుంది.

ఆవిడకు అరవై తొమ్మిదేళ్లు. బంటింగ్ పక్కన రబ్బరు ఎస్టేటు లయంలో, అంటే కూలీలకు వరసగా కట్టిన ఇళ్లలో, పుట్టింది. పదమూడో ఏట చెట్లు గీసే కత్తి చేతికొచ్చింది. ఎస్టేటు అమ్మేశాక టౌనుకొచ్చి, చేతి తొడుగుల ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దే పనిలో పద్దెనిమిదేళ్లు నిలబడింది. ఆవిడ దృష్టిలో అదంతా పొట్టకూటి కోసం. అసలు పని బాలింతలకు నీళ్లు పొయ్యడం. వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. ఇప్పటికి నూట నలభై మంది పసిపిల్లల్ని చాచిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించిందట. అందులో ఒక్కరికి కూడా తుమ్ము రాలేదట. ఈ సంగతి నిజమో కాదో విచారించే ధైర్యం బంటింగ్‌లో ఎవరికీ లేదు.

ఆవిడ వైద్యమంతా ఒక్క మాటలో చెప్పొచ్చు: గాలి. బాలింతకు గాలి తగలకూడదు. చెవుల్లో దూది పెట్టాలి, తలకు గుడ్డ కట్టాలి, ఫ్యాను ముట్టుకోకూడదు, చర్మం కందిపోయేంత వేడినీళ్లు వీపు మీద కొట్టాలి. ఆ గదిలోకి చీమ దూరే సందు ఉన్నా మూసెయ్యాలి. మలేషియాలో ఏడాది పొడుగునా చెమటలు కారుతుంటాయి, చలి అన్న మాట ఇక్కడ ఫ్రిజ్ తలుపు తెరిస్తేనే గుర్తొస్తుంది. అయినా మా అమ్మకు శత్రువు చల్లగాలే. యాభై ఏళ్లుగా రాని శత్రువు కోసం కాపలా కాస్తోంది.

ఇక నా సంగతి. నేను శ్రీకుమార్‌ని, కూర్మమ్మ గారి ఏకైక పుత్రుణ్ణి. వయసు నలభై ఎనిమిది. అమ్మ పనిచేసిన ఫ్యాక్టరీలోనే భద్రతా సూపర్‌వైజర్ని. నవ్వకండి. నెలకోసారి ఎనిమిది వందల మందిని నిలబెట్టి, మూసిన గదిలో మంట వెలిగిస్తే ఏమవుతుందో బొమ్మలు వేసి చెబుతాను. ఆ మంట గదిలోని మంచి గాలిని తినేస్తుందని, తిండి చాలకపోతే వాసనా రంగూ లేని విషవాయువు వదులుతుందని, ముందు తలనొప్పి, తర్వాత వాంతి, ఆ తర్వాత నిద్ర అని వరసగా అప్పజెబుతాను. బాగా చెబుతానని కంపెనీ నాకు బంగారు రంగు ఫ్రేములో సర్టిఫికెట్టు కూడా ఇచ్చింది. అది మా హాల్లో, దేవుడి పటాల వరసలోనే వేలాడుతోంది.

మా అమ్మాయి తర్షిణికి ఈ ఏడాది ఆడపిల్ల పుట్టింది. అల్లుడు విక్నేష్ ఉద్యోగం జొహోర్‌లో, శని ఆదివారాలు వచ్చిపోతుంటాడు. కనుక తల్లీబిడ్డా మా ఇంటికే వచ్చారు. నూట నలభై మంది పరాయి పిల్లల తర్వాత సొంత మునిమనవరాలు చేతికొచ్చింది. మా అమ్మ ఆ వారం అంతా సైన్యాన్ని నడిపే జనరల్‌లా తిరిగింది.

చిక్కల్లా, కాన్పుకు ముందే, నీళ్ల దగ్గర వచ్చింది. ఇన్నేళ్లూ వంటింట్లో పెద్ద గుండిగలో కాచి, రెండు చేతులా మోసుకెళ్లి పోసేది. ఇప్పుడు నడుం లేవడం లేదు. కరెంటు హీటరు పెట్టిస్తానన్నాను. దేశంలో సగం ఇళ్లలో ఉన్నదే.

"కరెంటూ నీల్లూ ఒక్క సోట పెడతావేటిరా? బాలింత సచ్చిపోద్ది" అంది.

"మరి గ్యాసుది?"

"గ్యాసంటే మన పొయ్యే గదా. నలభై ఏల్లు ముట్టించినాను. నన్నేటి సేసింది?"

అలా గ్యాసు యంత్రం ఖాయమైంది. జార్జ్ టౌన్‌లో ఒక హోటలు మూసేస్తూ అమ్ముతుంటే పాతది తెచ్చాను. గోడకు తగిలించే డబ్బా. కుళాయి తిప్పగానే లోపల మంట లేచి నీళ్లు పొగలు కక్కుతాయి. పాతదే గాని పనిచేస్తోంది. దాన్ని ఇంటి వెనక, బయటి గోడకు పెట్టాలి. అది నాకు తెలుసు. కనీసం పొగ బయటికి పోయే గొట్టమైనా గోడలోంచి తియ్యాలి. అదీ తెలుసు.

"బయట పెడితే సెగ ఎక్కువా తక్కువా ఎవరు తిప్పుతారు? నాను బాలింతని ఒదిలీసి పరిగెత్తాలేటి? లోపలే పెట్టు, నా సేతికందాల" అంది అమ్మ.

"అయితే గొట్టానికి గోడకో కన్నం కొట్టాలమ్మా."

"కన్నమా? గాలొచ్చీదానికా?"

అంతే. సర్టిఫికెట్టున్న భద్రతా సూపర్‌వైజర్ స్వయంగా డ్రిల్లింగ్ మెషీను పట్టుకుని, స్నానాలగది లోపల, పొగగొట్టం లేకుండా, గ్యాసు యంత్రం బిగించాడు. స్క్రూలు మాత్రం చాలా గట్టిగా బిగించానని గర్వపడ్డాను కూడా. గదికి ఒక చిన్న కిటికీ ఉంది, అడ్డంగా గాజు పలకలు అమర్చినది. ఆ పలకలు తెరిచి ఉంటే చాలులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్నాడు చూద్దును కదా, పలకల సందుల్లో మా నాన్న పాత సారంగులు, అంటే లుంగీలు, కుక్కి ఉన్నాయి. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, ఇప్పటికీ అమ్మ ఆయనకు పని చెబుతూనే ఉంది.

బిడ్డ పుట్టిన మూడో రోజు స్నానం చేసి వచ్చి తర్షిణి మంచమ్మీద కూలబడింది.

"నానమ్మా, తల పోట్లు లా. విండో కొంచెం ఓపెన్ చెయ్యి, ప్లీజ్." మాట చివర "లా" తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటు.

మా అమ్మ వెంటనే కారణం కనిపెట్టింది. గాలి తగిలింది. కిటికీలో ఎక్కడో సందు ఉండిపోయి ఉంటుంది. సారంగుల మీద పేపర్లు అంటించింది, పేపర్ల మీద టేపు. అయిదో రోజు తర్షిణి వాంతి చేసుకుంది. ఈసారి దిష్టి. ఉప్పూ మిరపకాయలూ తిప్పి, దిష్టి తీసిన చేత్తోనే తలుపు కింద సందులో గోనెపట్టా దోపింది. ఏడో రోజు అమ్మకే తల తిరిగింది. అది టీ పొడి మార్చినందువల్ల. మా ఆవిడ సుగంధి కొత్త రకం పొడి కొన్నందుకు ఆ పూటంతా తిట్లు తింది. ఆ యంత్రం మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. అంటే, నాకు తప్ప.

నాకు వచ్చింది. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం. నేను గీసే బొమ్మలు వరస తప్పకుండా మా ఇంట్లో నడుస్తున్నాయి. అమ్మకు చెబుదామని మూడుసార్లు వంటింట్లోకి వెళ్లాను. మొదటిసారి ఆవిడ మిరియాలు దంచుతోంది. కూరేమిటని అడిగి వచ్చేశాను. రెండోసారి నోరు తెరిచాను గాని, "ఏటి?" అన్న ఒక్క ముక్కకే దాహంగా ఉందన్నాను. మూడోసారి గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు వేసుకుని ఆఫీసుకు పోయాను. మా అమ్మ కోప్పడితే అరుపులతో పోదు. మూడు రోజులు అన్నం ముట్టదు. నాన్న పటం ముందు కూర్చుని, కొడుకు పెద్దోడయిపోయాడని ఆయనతో చెప్పుకుంటుంది. ఎనిమిది వందల మంది ముందు మైకు పట్టుకోవడం తేలిక.

ఆఖరికి భద్రతా శాఖ పద్ధతిలో ఒక చర్య తీసుకున్నాను. ఫ్యాక్టరీ నుంచి పెద్ద పోస్టరు తెచ్చి స్నానాలగది తలుపుకు మేకులు కొట్టి తగిలించాను. ఎర్రక్షరాలతో, మలయ్‌లో, ఇంగ్లీషులో: గాలి ఆడేలా చూడండి. మా అమ్మకు ఆ రెండు భాషలూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఈ సంగతి నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. పోస్టరుకు పైన కొట్టిన మేకు బాగుందని దానికి తువ్వాలు తగిలించింది.

ఎనిమిదో రోజు దేవరాజన్ వచ్చాడు. మా వీధికి బండి మీద గ్యాసు సిలిండర్లు వేసే మనిషి. నా ఈడువాడే, నాలుగిళ్ల అవతల ఉంటాడు. సిలిండరు ఇంత తొందరగా ఎందుకు అయిపోయిందా అని లోపలికి తొంగిచూసి, కుళాయి ఒకసారి తిప్పి, మంట చూసి, పైన గోడకు పట్టిన మసి వేలితో తీసి చూశాడు.

"పిన్నీ, ఈ మిసిను లోపల ఎవరు పెట్టినారు?"

"నా కొడుకే. ఏటయింది?"

"మంట నీలంగా ఉండాల. ఇది పసుపు కొడతంది. దానికి గాలి సాల్లేదు. ఇది బయట గోడకి మార్చీదాకా దీన్ని ముట్టించకండి. ముందు ఆ కిటికీ గుడ్డలు పీకండి లా."

"పసుపు మంచిదేరా. దేవుడి కాడ దీపం నీలంగా ఎలుగుతాదేటి?"

"దీపం కాదు పిన్నీ ఇది. లోపలున్నోల్లకి నిద్రొస్తాది. ఆనక లెగరు."

మా అమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "నువ్వు ఎంతమందికి నీల్లు పోసినావురా?"

"నాను నీల్లు పొయ్యలేదు. ఇరవై రెండేల్లు గ్యాసు మోసినాను."

"మోసినోడివి మోసి ఎల్లు."

దేవరాజన్ వెళ్తూ వరండాలో నా దగ్గర ఆగాడు. నేను పేపరు చదువుతున్నాను. ఒకే పేజీ చాలాసేపటినుంచి చదువుతున్నాను.

"ఇన్నావు గదా. నీకు తెలీందేటుంది, నువ్వైనా సెప్పు."

"చెప్తాను లా" అన్నాను.

"ఈయాలే సెప్పు."

తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది, మేనేజర్ల దగ్గర నేర్చుకున్నాను.

పదకొండో రోజు పురుడు. ఆ రోజు స్నానంతో మైల పోతుంది గనక అది మామూలు స్నానం కాదు. వేపాకు, పసుపు, ఒళ్లంతా నూనె, తలంటు, అన్నీ కలిపి ముప్పావు గంట. ఆ వేళ పాపకు కూడా లోపలే పోస్తానంది అమ్మ. అంతకుముందు రోజుల్లో పాపకు హాల్లోనే ప్లాస్టిక్ తొట్టి పెట్టుకుని పోసేది. "తల్లీబిడ్డా ఒక్కసారే సుద్ధి అవ్వాల" అని ముగ్గురూ లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది. గోనెపట్టా తలుపు కిందికి జరిగిన చప్పుడు నాకు వినిపించింది. అప్పుడు కూడా లేవలేదు నేను. చుట్టాలు వస్తారని కుర్చీలు వేస్తున్నాను. కుర్చీలు మహా తిన్నగా వేశాను.

లోపలినుంచి నీళ్ల చప్పుడు, దాని మీద అమ్మ గొంతు. పాప కాళ్లు గుంజుతూ, ముక్కు నొక్కుతూ, దాని తాతని, ముత్తాతని, అల్లుడి తరఫువాళ్లని వరసగా తిడుతూ పోస్తోంది. అది ఆవిడ పద్ధతి. తిట్లు లేకుండా మా అమ్మ ఏ బిడ్డకూ నీళ్లు పొయ్యలేదు. సుగంధి పొడి తువ్వాళ్లు పట్టుకుని తలుపు బయట నిలబడింది.

ఎంతసేపయిందో, నీళ్ల చప్పుడు ఉంది గాని అమ్మ గొంతు లేదు.

నా నలభై ఎనిమిదేళ్లలో మా అమ్మ మధ్యలో ఆగడం నేను వినలేదు. చేతిలో కుర్చీ వదిలేశాను. సుగంధి "ఏంటి, ఏంటి" అంటూనే ఉంది. తలుపు లోపల గడియ వేసి ఉంది. భుజంతో కొట్టాను, రెండోసారికి గడియ ఊడింది, నా పోస్టరు సగానికి చిరిగింది.

లోపల ఆవిరి, వేడి, యంత్రంలో పసుపుపచ్చగా ఊగుతున్న మంట. తర్షిణి గోడకు జారబడి తల వాల్చేసింది. అమ్మ పీట మీదే ఉంది, వీపు బకెట్టుకు ఆనింది, కళ్లు సగం మూతపడ్డాయి, కాళ్లు మాత్రం చాపే ఉన్నాయి. ఆ కాళ్ల మధ్య పాప. అమ్మ రెండు చేతులూ పాప డొక్కల కింద బిగుసుకుపోయి ఉన్నాయి. విడదీయడానికి నేను వేళ్లు ఒక్కొక్కటే లాగాల్సి వచ్చింది.

పాపను సుగంధి చేతిలో పెట్టి, బయటికి, వీధిలోకి పొమ్మన్నాను. కుళాయి కట్టేశాను. తర్షిణిని చంకల కింద పట్టి హాల్లోకి, హాల్లోంచి వాకిట్లోకి ఈడ్చాను. మళ్లీ వెళ్లి అమ్మను ఈడ్చాను. ముందు మనుషుల్ని బయటికి, తర్వాత గ్యాసు సిలిండరు కట్టెయ్యడం, తర్వాత తలుపులన్నీ బార్లా తియ్యడం. అన్నీ పాఠంలో ఉన్నట్టే చేశాను. పాఠం నాకు బాగా వచ్చు. వాకిట్లో సిమెంటు మీద ఇద్దరూ పక్కపక్కన ఉంటే, నాకు ఏడుపు రాలేదు. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. పాప ఏడవడం లేదు. సుగంధి దాని వీపు రుద్దుతూ వీధి మధ్య నిలబడి అరుస్తోంది. అది ఏడ్చేదాకా నాకు ప్రాణంలో ప్రాణం లేదు. ఏడ్చింది. సన్నగా, విసుగ్గా, నిద్ర చెడగొట్టినట్టు ఏడ్చింది. ఆ అరుపులు విని దేవరాజన్ అప్పటికే ఎవరి వ్యానో తీసుకొచ్చి గుమ్మంలో పెట్టాడు.

ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి తర్షిణి కళ్లు తెరిచి, పాపను పక్కలో పెట్టమని అడిగింది. చిన్న వయసు డాక్టరమ్మ, మా తర్షిణి కన్నా రెండేళ్లు పెద్దదేమో, రిపోర్టులు చూసి, ఇంకో పది నిమిషాలయితే ఈ మాటలు మీతో వేరేలా మాట్లాడేదాన్ని అంది. తర్వాత మలయ్‌లో అడిగింది: గది కిటికీ ఎవరు మూశారు?

సుగంధి నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. అక్కడ ఆసుపత్రివాళ్ల భద్రతా పోస్టరు ఉంది. బాగా వేశారు.

"సాయా" అంది మా అమ్మ మాస్కు లోంచి. నేను అని. తన తప్పు అని ఆవిడ ఒప్పుకోవడం నేను చూసిన మొదటిసారి అది, అదీ పరాయి భాషలో, మనవరాలి వయసు పిల్ల ముందు. డాక్టరమ్మ రాసుకుని వెళ్లిపోయింది. సుగంధి తర్షిణి మంచం దగ్గరికి వెళ్లింది.

మేమిద్దరమే మిగిలాం. అమ్మ మాస్కు గడ్డం కిందికి లాగింది.

"దేవరాజు సెప్పింది నిజమేనేటి?"

"నిజమే."

"నీకు ముందే తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "తెలుసు" అన్నాను.

"ఎప్పట్నించి?"

"గోడకి పెట్టిన రోజునుంచి."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"పేక్టరీలో అంతమందికి సెప్తావు. ఎవులో బంగ్లా పిల్లడికి, నేపాల్ పిల్లడికి సెప్తావు. ఇంట్లో నాకు సెప్పలేకపోయినావేటిరా?"

"నువ్వు తిడతావని."

చెప్పగానే ఆ మాట నా చెవులకే ఎంత చిన్నగా వినిపించిందో. పక్క మంచం మీద పాప చెయ్యి గాల్లో ఊపుతోంది, ముక్కుకు అతికించిన సన్న గొట్టం దాని మొహానికి చాలా పెద్దదిగా ఉంది. అమ్మ అటు తిరిగి దాన్ని చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"తిడతాను" అంది చివరికి. "నిన్నా తిట్టినాను, రేపూ తిడతాను. నాను తిట్టినా నువ్వు సెప్పాల."

"సరేనమ్మా."

"అమ్మా, ఆ మాస్కు తియ్యకూడదు, పెట్టుకో" అన్నాను.

"నాకు తెలీదేటిరా ఎదవా? ఊపిరాడక తీసినాను. నాకు పాటాలు సెప్పడానికొచ్చినాడు పెద్ద."

"పెట్టుకో అమ్మా" అని మళ్లీ చెప్పాను.

పెట్టుకుంది.